బ్లింక్ చూసి అందరూ వణికారు, మీకెందుకు వణుకు రాలేదు?

అడిగిన ప్రశ్న ఇది: "డాక్టర్ హూలో అన్నిటికన్నా భయపెట్టే ఎపిసోడ్ 'బ్లింక్' అని ఎక్కడ చూసినా రాశారు. మధ్యాహ్నం ఫోన్లో చూశాను, పెద్దగా భయం వేయలేదు. అభిమానులు ఎక్కువ చేసి చెబుతున్నారా? మా పదేళ్ళ పాపకి కూడా చూపిద్దామనుకుంటున్నాను. ఏవి చూపించొచ్చు, ఏవి ఆపాలి?"

ఎక్కువ చేసి చెప్పడం లేదండీ. అభిమానుల జాబితాలతో ఒక చిక్కుంది, మీరు చూసిన తీరుతో ఇంకో చిక్కుంది. ముందు ఆ రెండూ చెప్పి, తర్వాత పాప సంగతికి వస్తాను.

జాబితాలతో చిక్కేమిటంటే, "భయమేసింది" అని అందరూ ఒకే మాట రాస్తారు, చెప్పే సంగతి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోటి. కాలంలో ప్రయాణించే 'డాక్టర్' అనే పాత్ర చుట్టూ తిరిగే ఈ బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూసే కార్యక్రమం. ఫిలిప్ హించ్‌క్లిఫ్ నిర్మాతగా, రాబర్ట్ హోమ్స్ స్క్రిప్ట్ ఎడిటర్‌గా ఉన్న 1975-77 కాలంలో ఈజిప్టు మమ్మీలు, తెగిన చేతులు, పురుగులా మారిపోయే మనుషులు వరసపెట్టి వచ్చాయి. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు "భయం" అంటే ఆ రూపాలే. 2007లో బ్లింక్ వచ్చేనాటికి పదేళ్ళున్నవాళ్ళకి భయం అంటే వీధిలో రాతి విగ్రహం. పెద్దయ్యాక ఒకేసారి సీజన్లకు సీజన్లు చూసేసినవాళ్ళు భయంగా ఉందన్నది చాలావరకు 'మిడ్‌నైట్' లాంటివి. అందులో భయపెట్టేది తోటి మనుషులు. ఎవరు, ఏ వయసులో, ఎలా చూసి రాశారో తెలియకుండా జాబితాని పట్టుకుంటే మీకు నప్పనిది తగలడం ఖాయం.

ఇన్ని తరాల మాటల్లోనూ ఒకటి మాత్రం కలుస్తుంది. 1990లలో మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, లేదా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ దయ్యం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. అందరికీ తెలిసింది ఒక్క నియమమే. రాత్రిపూట తలుపు కొడుతుంది, పలకకూడదు, తలుపు మీద రాసి ఉంటే చదివి వెళ్ళిపోతుంది. భయం పని చేసింది ఆ నియమం వల్ల. ఎందుకంటే తలుపు మన ఇంట్లోనే ఉంది.

డాక్టర్ హూలో అభిమానులు ఏళ్ళ తరబడి చెప్పుకునే ఎపిసోడ్లన్నీ ఈ జాతివే. బ్లింక్ (2007 జూన్ 9): రెప్ప వేయకు. సైలెన్స్ ఇన్ ద లైబ్రరీ (2008 మే 31): నీ నీడలు లెక్కపెట్టుకో, రెండుంటే అయిపోయావు. లిజన్ (2014 సెప్టెంబరు 13): ఒంటరిగా ఉన్నప్పుడు నీ వెనక ఎవరైనా ఉన్నారేమో, మంచం కింది చెయ్యి నీ కాలు పట్టుకుంటుందేమో. టీవీ కట్టేశాక కూడా కన్ను, నీడ, మంచం ఇంట్లోనే ఉంటాయి. పెద్ద పెద్ద రాక్షసులున్న ఎపిసోడ్లు ఎన్నో ఉన్నా జనం వీటినే తలుచుకోవడానికి కారణం అది. ఎపిసోడ్ నడుస్తున్నంతసేపూ "ఏముంది ఇందులో" అనుకుని, రాత్రి నీళ్ళు తాగడానికి లేచినప్పుడు లైటు వేసుకున్నవాళ్ళ మాటలే ఆ అభిప్రాయాల్లో ఎక్కువ.

ఇక బ్లింక్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. స్టీవెన్ మొఫట్ రాశారు, హెట్టీ మెక్‌డొనాల్డ్ దర్శకత్వం. డాక్టర్ (డేవిడ్ టెనెంట్) కనిపించేది చాలా తక్కువసేపు, కథంతా క్యారీ మలిగన్ వేసిన శాలీ స్పారో మీదే నడుస్తుంది. ఏంజెల్స్ రాతి విగ్రహాలు. ఎవరైనా చూస్తున్నంతసేపు రాయి, చూపు తప్పితే కదులుతాయి. ఒకదాన్నొకటి చూసుకున్నా గడ్డకట్టిపోతాయి కాబట్టి చేతులతో కళ్ళు మూసుకుంటాయి, అందుకే ఏడుస్తున్నట్టు కనబడతాయి. ఇంతవరకు అందరూ గమనిస్తారు. చాలామంది గమనించనిది ఇంకోటుంది. కథలో ఏ పాత్రా వాటివైపు చూడని క్షణాల్లో కూడా తెర మీద అవి కదలవు. షాట్ మారుతుంది, విగ్రహం ఇంకో చోట ఉంటుంది, అంతే. పాత్రలు చూడనప్పుడు కూడా అవి ఎందుకు ఆగాయి? మీరు చూస్తున్నారు కాబట్టి. చూసేవాణ్ణి కూడా కథలో కాపలాకి పెట్టారన్నమాట. చివర్లో సెల్లార్‌లో బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది చూడండి, వెలిగిన ప్రతిసారీ ఏంజెల్స్ ఒక్కో అడుగు ముందుకి. ఆ చీకటి మీ రెప్పపాటే. చివరి నిమిషంలో ఊళ్ళో మామూలు విగ్రహాల్ని వరసగా చూపించి వదిలేయడం కూడా భయాన్ని మీ వీధికి అప్పజెప్పడమే.

ఇంగ్లండులో చర్చి ఆవరణల్లో, సమాధుల దగ్గర రెక్కల విగ్రహాలు సర్వసాధారణం కాబట్టి అక్కడి పిల్లలకి ఇది సూటిగా తగిలింది. మనకి అలాంటివి తక్కువే. అయితే మన కూడళ్ళలో విగ్రహాలకేం కొదవ లేదు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు నాయకుల విగ్రహాలకి గుడ్డ కప్పుతారే, రాత్రి పది దాటాక ఆ ముసుగు పక్కనుంచి నడిచి వెళ్ళడం ఊహించుకుంటే బ్లింక్ మనకీ అందుతుంది.

మీకు ఎందుకు అందలేదంటే ఫోను, మధ్యాహ్నం. ఈ ఎపిసోడ్‌లో భయం ఫ్రేమ్ అంచుల్లో ఉంటుంది. ముందు పాత్ర మాట్లాడుతుంటుంది, వెనక కిటికీ అవతల ఒక బూడిదరంగు ఆకారం ఉంటుంది, తర్వాతి షాట్లో దాని తల తిరిగి ఉంటుంది. ఆరంగుళాల తెర మీద, వెలుతురులో, అది కనబడనే కనబడదు. కనీసం 32 అంగుళాల టీవీ మీద, గదిలో లైటు తగ్గించి, రాత్రి భోజనాలయ్యాక చూడండి. టీవీ సెట్టింగుల్లో 'వివిడ్', 'డైనమిక్' మోడ్ ఉంటే తీసేసి 'సినిమా' లేదా 'మూవీ' మోడ్ పెట్టండి, లేకపోతే చీకటి మూలలన్నీ బూడిదరంగుకి తేలిపోతాయి. మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. లేని ఫ్రేముల్ని కల్పించి మధ్యలో ఇరికించడం దాని పని. ఆరుతూ వెలిగే బల్బు సీన్లో అంచులు చెదిరి, విగ్రహం ఇక్కడినుంచి అక్కడికి వచ్చిందన్న విసురు పోతుంది. ఫోనే గతి అయితే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ చెప్పరు. బీబీసీలో ప్రకటనలుండవు. 45 నిమిషాల ఎపిసోడ్ ఎక్కడా ఆగకుండా నడుస్తుందన్న నమ్మకంతో కట్టిన బిగువు అది. మధ్యలో ఫోన్ ఎత్తి, ఆపి, మళ్ళీ మొదలుపెడితే బిగువు సడలిపోతుంది. ఈ బిగువు ఎంత నాజూకైనదో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు. 2005 మార్చి 26న సీరియల్ పదహారేళ్ళ విరామం తర్వాత పూర్తిస్థాయిలో తిరిగి వచ్చినరోజు, నేలమాళిగలో బొమ్మలు కదిలే సీన్లో, టీవీ వ్యాఖ్యాత గ్రాహమ్ నార్టన్ వేరే కార్యక్రమంలో మాట్లాడుతున్న గొంతు పొరపాటున ప్రసారంలోకి వచ్చేసింది. 2010 ఏప్రిల్ 24న 'ద టైమ్ ఆఫ్ ఏంజెల్స్' ఆఖరి క్షణాల్లో, డాక్టర్ ఏంజెల్స్‌ని సవాలు చేస్తుంటే, తర్వాతి కార్యక్రమం గురించి అదే నార్టన్ కార్టూన్ బొమ్మతో తెర కింద బ్యానర్ వేశారు. బీబీసీకి అయిదు వేలకి పైగా ఫిర్యాదులు వెళ్ళాయి, క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. బయటివాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. ఆ కోపం న్యాయమైనదనే నా అభిప్రాయం. నలభై నిమిషాలు పోగుచేసిన భయాన్ని చివరి పది సెకన్లలో పారబోశారు. ఇప్పుడు యాప్‌లలో అదే పని 'తర్వాతి ఎపిసోడ్' పెట్టె చేస్తుంది. బ్లింక్ చివరి విగ్రహాల వరస మీద ఆ పెట్టె వచ్చి కూర్చోకుండా, ప్రొఫైల్ సెట్టింగుల్లో ఆటోప్లే ముందే తీసెయ్యండి.

మిడ్‌నైట్ (2008 జూన్ 14) విషయంలో వేరే జాగ్రత్త కావాలి. రసెల్ టి డేవిస్ రాశారు, ఆలిస్ ట్రౌటన్ దర్శకత్వం. ఒక బండి, లోపల కొద్దిమంది ప్రయాణికులు, బయటనుంచి తలుపు కొట్టిన ఏదో ఒకటి. అది చివరిదాకా కనబడదు. లెస్లీ షార్ప్ వేసిన స్కై అనే ప్రయాణికురాలిలోకి దూరి, ముందు ఎదుటివాళ్ళ మాటల్ని తిరిగి అంటుంది. డాక్టర్ గణితంలోని పై (π) వర్గమూలాన్ని 1.77245 అంటూ అంకె తర్వాత అంకె గబగబా చెప్పుకుపోతుంటే, ఆమె గొంతు వెంటపడి ఒక్క అంకె తప్పదు. తర్వాత ఎదుటివాళ్ళతో పాటే అంటుంది. ఆ తర్వాత డాక్టర్ కన్నా ముందే మాట ఆమె నోట్లోంచి వస్తుంది. ఇదంతా చెవితో అనుభవించాల్సిన భయం. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మాట కన్నా ముందు అక్షరాలు పడతాయి. వెనక, పక్కన, ముందు అనే మూడు మెట్ల మధ్య తేడా కళ్ళు ముందే చదివేయడంతో మూడో మెట్టు దెబ్బ తగలదు. "మిడ్‌నైట్ బోరు కొట్టింది" అన్నవాళ్ళలో కొందరికైనా జరిగింది ఇదే అని నా అనుమానం. బ్రిటిష్ ఉచ్చారణ కష్టంగా ఉంటే మొదటి పదిహేను నిమిషాలు సబ్‌టైటిల్స్‌తో చూసి, స్కై తిరిగి అనడం మొదలుపెట్టగానే ఆపెయ్యండి. అక్కడినుంచి మాటలు పెద్దగా అర్థం కాకపోయినా నష్టం లేదు.

రియాక్షన్ వీడియోలు చూసి ఏది భయంకరమో తేల్చుకోవద్దు. అరుపులున్న చోటే క్లిప్‌గా బాగుంటుంది, కాపీరైటు భయంతో మధ్య భాగాలు కోసేస్తారు. మెల్లగా బిగిసేది ఆ కోతల్లోనే పోతుంది. మనిషి మాట్లాడటం మానేసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న నిమిషాలు చూడండి, అసలు కొలత అక్కడుంది.

అభిమానుల్లో తగాదాలు ఎక్కడ పుడతాయో కూడా తెలిస్తే అభిప్రాయాలు చదవడం సులువు. నియమం మార్చినప్పుడు పుడతాయి. 2010లో 'ద టైమ్ ఆఫ్ ఏంజెల్స్'లో ఏంజెల్స్ మళ్ళీ వచ్చినప్పుడు ఒక అద్భుతమైన కొత్త నియమం చేర్చారు: ఏంజెల్ చిత్రాన్ని తనలో నిలుపుకున్నదేదైనా తానే ఏంజెల్ అవుతుంది. టీవీ తెర మీది వీడియోలోంచి అది గదిలోకి వచ్చే సీను బ్లింక్‌కి ఏమాత్రం తీసిపోదు. కానీ మరుసటివారం 'ఫ్లెష్ అండ్ స్టోన్'లో ఏంజెల్స్ తల తిప్పడం తెర మీద చూపించారు. ప్రేక్షకుడే కాపలా అన్న ఒప్పందం ఆ ఒక్క షాట్‌తో తెగిపోయింది. ఇప్పటికీ దాని మీద వాదిస్తారు, నేను కోపగించినవాళ్ళ పక్షమే. మిడ్‌నైట్‌లోని ఆ కనబడనిది 2025 ఏప్రిల్ 26న 'ద వెల్'లో తిరిగొచ్చినప్పుడు కూడా రెండు వర్గాలయ్యారు. ఈసారి అది మనిషి వీపు వెనక ఉంటుంది, వెనక్కి వెళ్ళి చూడబోయినవాళ్ళు చస్తారు. కొత్త నియమం గట్టిదే. పాతదానికి కొనసాగింపు అని చెప్పకుండా ఉంటే ఇంకా గట్టిగా ఉండేదన్నవాళ్ళ మాటలో బలం ఉంది.

అసలేమీ తేల్చకుండా వదిలేస్తే మరో రకం తగాదా. లిజన్‌లో మంచం మీద దుప్పటి కప్పుకుని నిలబడ్డ ఆకారం ఎవరో చివరిదాకా చెప్పరు. ఆటపట్టించడానికి వచ్చిన పిల్లాడు కావచ్చు, కాకపోవచ్చు. '73 యార్డ్స్' (2024 మే 25)లో ఒక ముసలామె డాక్టర్ సహచరి రూబీకి ఎప్పుడూ సరిగ్గా 73 గజాల దూరంలో, అంటే సుమారు 67 మీటర్ల దూరంలో నిలబడి చేతులు ఊపుతుంటుంది. దగ్గరికెళ్ళి ఆమెతో మాట్లాడినవాళ్ళంతా రూబీని వదిలి పారిపోతారు. ఆమె ఏం చెప్పిందో మనకి వినబడదు. సమాధానం కావాలనేవాళ్ళకి ఇది ఒళ్ళుమంట, అలాగే వదిలేయడం ఇష్టమైనవాళ్ళకి పండగ. మీరు ఏ రకమో మీకు తెలుసు కదా, దాన్నిబట్టి ఎంచుకోండి. నా వరకు లిజన్ గొప్పది, ఎందుకంటే అక్కడ తేల్చకపోవడమే కథ. 73 యార్డ్స్‌లో తేల్చాల్సినవి కూడా కొన్ని వదిలేశారు.

ఇక పాప. ఈ సీరియల్ పిల్లల్ని భయపెట్టవచ్చా అన్న గొడవ ఇప్పటిది కాదు. 1963 డిసెంబరు 21 ఎపిసోడ్ చివర్లో డాలెక్ (ఈ సీరియల్లో పేరుపడ్డ, లోహపు కవచంలో ఉండే శత్రువు) పూర్తిగా కనబడను కూడా లేదు. ముందుకి చాచిన ఒక చెయ్యి, డాక్టర్‌తో వచ్చిన బార్బరా కేక, అంతే. అప్పటినుంచీ అక్కడి పిల్లలు సోఫా వెనక దాక్కుని చూశారన్నది నానుడి అయిపోయింది. మన ఇళ్ళలో సోఫా గోడకి ఆనించి ఉంటుంది కాబట్టి దుప్పటి, వేళ్ళ సందు.

మేరీ వైట్‌హౌస్ అనే ఉద్యమకారిణి ఈ సీరియల్ మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 1976 నవంబరులో 'ద డెడ్లీ అసాసిన్' మూడో భాగం, డాక్టర్ తల నీళ్ళలో అదిమిపెట్టిన దృశ్యాన్ని స్తంభింపజేసి ముగించారు. పిల్లలు ఆ బొమ్మనే మనసులో పెట్టుకుని వారమంతా గడపాలి కదా అన్నది ఆమె అభ్యంతరం. బీబీసీ క్షమాపణ చెప్పింది, ఆ షాట్‌ని టేపులోంచి కత్తిరించారు. తర్వాత హించ్‌క్లిఫ్ స్థానంలో వచ్చిన గ్రాహమ్ విలియమ్స్‌ని హింస తగ్గించమన్నారు. అభిమానుల్లో ఆమెకి మంచిపేరు లేదు. అయినా ఆ ఒక్క గమనిక మీకు పనికొస్తుంది. పిల్లలకి రాక్షసుడి కన్నా, మధ్యలో ఆపేసిన రాక్షసుడు ఎక్కువ చెరుపు. రెండు భాగాల కథ మొదలుపెడితే ఒకే పూట ముగించండి. తొంభై నిమిషాలు లేకపోతే మొదలుపెట్టకండి.

మొదట 'ద ఎంప్టీ చైల్డ్', 'ద డాక్టర్ డాన్సెస్' (2005 మే 21, 28) కలిపి చూపించండి. 1941 లండన్ బాంబుదాడుల కాలం, గ్యాస్ మాస్క్ తొడుక్కున్న చిన్న పిల్లాడు "మమ్మీ కావాలి" అని వెతుక్కుంటూ తిరుగుతాడు. యుద్ధకాలంలో ఇంగ్లండులో పిల్లలతో సహా అందరికీ నిజంగానే గ్యాస్ మాస్కులు పంచారని ముందే చెప్పండి, లేకపోతే పాపకి అది వట్టి దయ్యం మొహంలా అనిపిస్తుంది. మన పిల్లలూ అమ్మని మమ్మీ అనే పిలుస్తారు కాబట్టి ఆ పిలుపుకి అనువాదం అక్కర్లేదు. ఆస్పత్రి వైద్యుడు కాన్‌స్టంటైన్ మొహం మాస్క్‌లా మారే సీను ఉంది, ఎముకలు విరిగే చప్పుడు మరీ ఘోరంగా ఉందని ప్రసారానికి ముందే తగ్గించారు. అక్కడ చెవులు మూసుకోమనండి. రెండో భాగంలో పిల్లాడి గొంతు టేపు రికార్డర్లో వినబడుతూ ఉంటుంది, టేపు అయిపోయి అర నిమిషం అయిందని డాక్టర్ గ్రహిస్తాడు. అది ఒంట్లో జిల్లుమనిపించే క్షణం. పాప ఒళ్ళో కూర్చుంటే చాలు. ఈ కథని మొదట పెట్టమనడానికి కారణం ముగింపు. ఒక్కరూ చావరు. భయం తీరడం ఎలా ఉంటుందో పిల్లలు ముందు ఇందులో రుచి చూడాలి.

అది బాగా తీసుకుంటే బ్లింక్. మీరు రాత్రి చూడండి గానీ పాపకి సాయంత్రం ఐదింటికి, కిటికీ తెరలు తీసి చూపించండి. నీడల లైబ్రరీ కథ ఆ తర్వాత, అదీ రెండు భాగాలే. రాత్రి గదిలో లైటు ఆర్పనివ్వని పిల్లలైతే దాన్ని ఓ ఏడాది వాయిదా వెయ్యండి.

మిడ్‌నైట్ పన్నెండు పదమూడేళ్ళ తర్వాతే. అందులో మామూలు అమ్మానాన్నలు, మాస్టారు అందరూ కలిసి ఒక మనిషిని బయటికి తోసేద్దామంటారు. పదేళ్ళ పిల్లకి అది అర్థమైతే బాధ, కాకపోతే విసుగు. 'ద వాటర్స్ ఆఫ్ మార్స్' (2009 నవంబరు 15) కూడా అప్పుడే. పగిలిన పెదాల్లోంచి నీళ్ళు కారే మొహాలు ఒకెత్తు, అప్పటిదాకా నమ్ముకున్న డాక్టరే గాడి తప్పడం, చివర్లో జరిగే మరణం మరొకెత్తు. 'హెవెన్ సెంట్' పిల్లలకి పట్టదు, మీకోసం దాచుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. 'డార్క్ వాటర్' (2014 నవంబరు 1)లో చనిపోయినవాళ్ళకి దహనం చేసేటప్పుడు నొప్పి తెలుస్తుందన్న మాట ఒకటి వస్తుంది. అది కథలో విలన్ ఆడించిన అబద్ధం. వినే ముందు పాత్రలకి పదేపదే హెచ్చరిక కూడా ఉంటుంది. అయినా బ్రిటన్‌లోనే వందకి పైగా ఫిర్యాదులొచ్చాయి. దహనమే ఆచారమైన మన ఇళ్ళలో, ఈమధ్యే తాతయ్యో నానమ్మో పోయి ఉంటే, ఆ ఎపిసోడ్ పాపకే కాదు, ఇంట్లో ఎవరికీ పెట్టకండి.

రాత్రి భయపడితే "అదంతా ఉత్తిదే" అనడం పని చేయదు. నియమాన్ని నియమంతోనే విరవాలి. బ్లింక్‌లో ఏంజెల్స్ ఓడిపోయింది ఒకదాన్నొకటి చూసుకుని. పడుకునే గదిలో రెండు బొమ్మల్ని ఎదురెదురుగా పెట్టి "ఇవిక కదల్లేవు" అంటే పిల్లలు ఇట్టే ఒప్పుకుంటారు. తెర వెనక సంగతి కూడా అదే పూట చెప్పండి. అవి నిజమైన రాళ్ళు కావు, ఒంటికి రాతి రంగు, మేకప్ వేసుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డ నటీమణులు. 2005 నుంచి 2011 దాకా ప్రతి ఎపిసోడ్‌కీ 'డాక్టర్ హూ కాన్ఫిడెన్షియల్' అనే మేకింగ్ కార్యక్రమం వచ్చేది, ఏంజెల్స్ ఎలా తీశారో చూపించేది దొరికితే నిద్రకి ముందు ఓ పది నిమిషాలు చూపించండి.